తొలి గ్లాసు ఇర్మెలాది

"దీన్ని మెత్తగా పట్టివ్వండి. కాఫీ పొడిలా ఉండాలి."

నీళ్లు కారుతున్న గొడుగు బీరు సరుకుల దుకాణం కౌంటర్ మీద పెట్టి, మాల్ట్ బస్తా వైపు వేలు చూపిస్తూ ఆ కొత్త మనిషి అన్న మొదటి మాట అది. ఇర్మెలా ముందు గొడుగు తీసి కింద పెట్టింది. కౌంటర్ తుడిచింది. గుడ్డ పిండి మేకుకు తగిలించాక గానీ అతని ముఖం వైపు చూడలేదు.

"పట్టను," అంది.

"అదేంటండీ? తాగేది నేను కదా."

"అందుకే పట్టను. బార్లీని మొలకెత్తించి ఆరబెట్టి ఇంత కష్టపడి మాల్ట్ చేసింది పిండి చేయడానికి కాదు. గింజ పగలాలి, పొట్టు మాత్రం పొట్టులాగే ఉండాలి. ఆ పొట్టే జల్లెడ. పిండి చేస్తే నీళ్లు కిందికి దిగవు, అడుగంటుతుంది."

"వీడియోలో ఒకాయన మెత్తగా ఉంటేనే తీపి బాగా దిగుతుందన్నాడు."

"అయితే ఆయన దగ్గరే పట్టించుకోండి."

అతను నవ్వాడు. కోపం వస్తుందేమో అని చూసిన ఇర్మెలాకి ఆ నవ్వు కొంచెం ఇబ్బందిగానే అనిపించింది. పేరు ఓస్నీర్ అట. తువ్వాళ్ల మిల్లులో మగ్గాల మెకానిక్. ఎవరో వాడి అమ్మేసిన కరెంటు బీరు డేగిషా ఒకటి కొన్నాడు. కింద హీటరు, పక్కన పంపు, లోపల గింజలు పోసే చిల్లుల బుట్ట. అన్నీ ఉన్నాయి గానీ ఎలా వాడాలో చెప్పే మనిషి లేడు.

"మా చెల్లి రోజానీ పెళ్లి," అన్నాడు. "పెళ్లికొడుకు వాళ్లు మీవాళ్లే, జర్మనోళ్లు. పెళ్లి ముందురోజు సాయంత్రం గుమ్మం దగ్గర పాత పింగాణీ పళ్లేలు పగలగొడతారట కదా. ఆ పూట బీరు పెళ్లికూతురి అన్న స్వయంగా కాచి పోయాలట. వాళ్లింటి ఆనవాయితీ. మా అమ్మకి ఆ సంగతి తెలిసినప్పటి నుంచి నిద్ర లేదు. వియ్యాలవారి ముందు తలవంపులు కాకూడదంటుంది."

"సీసాలు కొని పోసెయ్యొచ్చుగా?"

"చెల్లెలు ఒక్కతే కదండీ," అన్నాడు.

ఇర్మెలా ఇంకేం మాట్లాడలేదు. బస్తాలోంచి గుప్పెడు మాల్ట్ తీసి, అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. జర్మన్లు వలసొచ్చి కట్టుకున్న మా బ్లూమెనావ్‌లో ఇంట్లో బీరు కాచుకునే వాళ్లెవరికైనా ఆ దృశ్యం తెలుసు. ఇర్మెలా ముక్కు అంటే ఆ ఊళ్లో చిన్న సంగతి కాదు. బస్తా తేమ పట్టిందో లేదో, చేదు కోసం వేసే హాప్స్ పువ్వులు నిరుటివో ఈ ఏటివో, సీసా మూత తియ్యగానే లోపలి బీరు ఏ రోజు చెడిందో చెప్పేస్తుందని పేరు. ఆ పేరు మీదే దుకాణం నడుస్తోంది.

మహమ్మారి ఏడాది వచ్చిన జ్వరంతో ఆ ముక్కు పోయింది. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు గుప్పెట్లోని మాల్ట్ ఆమెకి ఇసుక ఎంతో అంతే. ఆ సంగతి ఎవరికీ తెలియదు. నాలుకకి తీపి, చేదు, పులుపు తెలుస్తాయి, కంటికి రంగూ నురగా తెలుస్తాయి. మిగిలినదంతా ఎదుటివాళ్ల ముఖం చూసి చెబుతోంది. మనిషి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నప్పుడు కనుబొమలు, ముక్కు పుటాలు, పెదవి చివర, ఇవన్నీ ఏదో ఒకటి చెప్పేస్తాయి. అందుకే ఇంటి బీరు కాచేవాళ్ల సంఘంలో ఎప్పుడూ చివర మాట్లాడుతుంది. అది పెద్దరికం అనుకుంటారు అందరూ.

ఒక్కటి మాత్రం చెయ్యదు. "ఏం వాసన వస్తోంది?" అని ఎవరినీ అడగదు. అడిగిన రోజున దొరికిపోతుంది.

"శనివారం వస్తాను," అంది గుప్పెట తెరిచి గింజలు బస్తాలో పోసేస్తూ. "డేగిషా కడిగి ఉంచండి."

*

ఓస్నీర్ వాళ్లింటి వెనక వరండాలో డేగిషా పెట్టారు. వైరు కిటికీలోంచి లోపలికి వెళ్లింది. ఇర్మెలా ఆ వైరు వెంట చూపు పోనిచ్చింది.

"ఈ లైను ఎక్కడిది?"

"స్నానాల గదిది. షవర్‌ది. ఇంట్లో లావు వైరు అదొక్కటే."

మా దగ్గర ఇళ్లన్నిటికీ ఇదే తంతు. నీళ్లు వేడి చేసేది షవర్ తలకాయే, ఇంటి కరెంటులో సగం అదే తాగుతుంది. బీరు కాచేవాడు ఎవడైనా మొదట కన్ను వేసేది దాని మీదే. తప్పు లేదు, ఒకటి నడిచేటప్పుడు రెండోది నడవకుండా చూసుకుంటే చాలు.

"ఇంట్లో చెప్పావా మరి? ఈ పూట ఎవరూ వేడినీళ్లు పెట్టుకోకూడదని?"

"అమ్మ ఫ్యాక్టరీ నుంచి రావడానికి ఇంకా టైముంది." అంతలోనే ఆగి ఆమె వైపు చూశాడు. "నన్ను 'నువ్వు' అన్నారు."

"వయసులో చిన్నవాడివేగా."

"రెండేళ్లు. మీకు బీరు నేర్పిన ఎగోన్ గారిని అడిగాను."

ఎందుకు అడిగావని ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. వాన మాత్రం వరండా రేకు మీద దబదబా కొట్టింది.

నీళ్లు వేడెక్కాయి. అరవై ఆరు డిగ్రీలు చూపించగానే ఇర్మెలా తల ఊపింది. పగిలిన మాల్ట్‌ని అతను కొంచెం కొంచెంగా బుట్టలో పోస్తుంటే ఆమె తెడ్డుతో ఉండలు కట్టకుండా కలిపింది. పంపు వేశారు. అడుగు నుంచి నీళ్లు గొట్టంలో పైకెక్కి గింజల మీద పడి, గింజల్లోంచి జారి మళ్లీ అడుగుకి చేరుతున్నాయి. తిరిగిన కొద్దీ నీళ్లు చిక్కబడి తేనె రంగుకి వస్తాయి.

"ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే. గంటసేపు దీన్ని ఇలా తిరగనివ్వడమే. చెయ్యి ఊరుకోక ఏదో ఒకటి తిప్పుతారు చూడు, వాళ్ల బీరే పాడయ్యేది."

అతను వంగి ఆవిరి పీల్చాడు. ఇర్మెలా వెంటనే అతని ముఖం వైపు తిరిగింది. నుదురు విప్పారింది, పెదవులు కొంచెం తెరుచుకున్నాయి. బాగుందన్నమాట. వాసన తీయగా, రొట్టెల పొయ్యిలా వస్తోందన్నమాట.

తల ఎత్తేసరికి ఆమె కళ్లు తన మీదే ఉన్నాయి. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆ పూట అతను ఎన్నిసార్లు వంగి ఆవిరి పీల్చాడో, అన్నిసార్లూ ఆమె చూసింది. ఒక ఆడపిల్ల తనని అంత శ్రద్ధగా, కనురెప్ప కూడా వాల్చకుండా చూడటం అతనికి అదే మొదలు. పాపం, అతను ఏమనుకున్నాడో వేరే చెప్పనక్కర్లేదు.

అంతలో దీపం ఆరిపోయింది. పంపు ఆగింది. లోపల్నుంచి ఒక గొంతు లేచింది.

"ఒరేయ్ ఓస్నీర్! తలంతా సబ్బురా నాకు!"

తల్లి జిల్డా వానలో తడిసి ముందుగానే వచ్చి, ఎవరికీ చెప్పకుండా స్నానానికి దూరింది. ఇర్మెలా లోపలికి పరుగెత్తింది. తలుపు బయట నిలబడి, లోపలున్న ఆవిడకి బతిమాలుతూ సంగతంతా చెప్పుకుంది.

"ఎవరమ్మా నువ్వు?"

"బీరు నేర్పడానికి వచ్చానండీ."

"మా కళ్లల్లో సబ్బు పెట్టడం కూడా నేర్పుతావా?" అంది జిల్డా. కానీ గొంతులో నవ్వుంది. "సరేలే, చన్నీళ్లు పోసుకుంటాను. ఇదంతా పెళ్లి బీరు కోసమేగా."

ఇర్మెలా వరండాలోకి తిరిగి వచ్చేసరికి ఓస్నీర్ పడిపోయిన మెయిన్ స్విచ్ ఎత్తేశాడు. పంపు తిరుగుతోంది. అతను డేగిషా పక్కన నిలబడి ఆమె వైపు అదోలా చూస్తున్నాడు. ముక్కు మీద ఒక ముడత ఉంది.

ఏమైంది, ఏదైనా వాసన వస్తోందా అని అడగాలి. నోటి దాకా వచ్చింది. అడగలేదు. బదులుగా చిన్నగా నవ్వింది. ఆమె నవ్వడం చూసి అతనూ నవ్వాడు, ముక్కు మీది ముడత పోయింది. సరే, ఏమీ కాలేదన్నమాట అనుకుంది ఇర్మెలా.

తర్వాత బుట్ట పైకెత్తి వారబెట్టారు. తీపి నీళ్లు మరిగించారు, హాప్స్ వేశారు, చన్నీళ్లు పారే రాగి గొట్టం చుట్టతో చల్లార్చి ఈస్ట్ చల్లారు. డేగిషా కడగడం నేర్చుకునేవాడి పని కాబట్టి ఆమె వెళ్లిపోయాక ఓస్నీర్ ఒక్కడే కూర్చుని కడిగాడు.

ఆ తర్వాత అతను రోజూ దుకాణానికి రావడం మొదలెట్టాడు. ఒకరోజు ఈస్ట్ సంగతి అడగడానికి, ఒకరోజు మూతలు కావాలని. ఇంకోరోజు ఏమీ అక్కర్లేకుండానే, వాళ్లమ్మ చేసిన అరటిపండు కూకా కేక్ పట్టుకుని వచ్చాడు.

"ఎలా ఉంది?"

"తీపిగా ఉంది."

"తీపి సంగతి నాకూ తెలుసు. ఎలా ఉందంటున్నాను."

ఆమె అతని నోటి వంక చూసింది. అతను నములుతూ కళ్లు సగం మూశాడు. "దాల్చిన చెక్క సరిగ్గా సరిపోయింది," అంది ఇర్మెలా, కూకాలో ఎప్పుడూ వేసేదే కదా అని ఆ కళ్లని నమ్మి. నిజమే, అందులో దాల్చిన చెక్క ఉంది. అతను పొంగిపోయాడు. ఆమెకి మాత్రం ఆ పూట మొదటిసారి దొంగతనం చేసినట్టు అనిపించింది. అతను వెళ్లిపోయాక చాలాసేపు గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది. అప్పుడు చూడటానికి అక్కడ ఏ ముఖమూ లేదు.

*

ప్రతి గురువారం సంఘం ఎగోన్ ఇంటి వెనక రేకుల షెడ్డులో కూడుతుంది. ఎగోన్ డెబ్బై దాటిన మనిషి. ఇర్మెలాకి బీరు కాయడం నేర్పింది ఆయనే. మావయ్యా అని పిలుస్తుంది. ఆ సంఘానికి ఒక కట్టుబాటు ఉంది. కొత్తవాడి తొలి బీరులో తొలి గ్లాసు నేర్పినవాళ్లకే, తోడుగా కాచినవాడు ఒకటి పట్టుకుంటాడు. వాళ్లు తాగి మాట చెప్పాక గానీ తక్కినవాళ్లు గ్లాసు ముట్టరు.

అంటే ఈసారి ఇర్మెలా చివర మాట్లాడటానికి వీల్లేదు. చూసుకోవడానికి పది ముఖాలు లేవు. ఒక్కటే ఉంది.

బీరు తయారైన గురువారం ఓస్నీర్ గడ్డం గీసుకుని ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. రెండు గ్లాసులు నింపి ఒకటి ఆమెకిచ్చి, ఒకటి తను తీసుకున్నాడు. వానకి తడిసిన జుట్టు నుదుటికి అంటుకుపోయింది. గడ్డం మీద కత్తి గాటు ఒకటి ఎర్రగా ఉంది. తొందరగా గీసుకున్నట్టున్నాడు. ఆ తొందర ఎందుకో ఆలోచిస్తూ ఇర్మెలా ఆ గాటునీ ఆ కళ్లనీ చూస్తూ ఉండిపోయింది. నురగ బాగుంది, రంగు బాగుంది. నాలుక మీద చేదు కొంచెం ఎక్కువే గానీ కొత్తవాడికి అది మామూలే.

"బాగుంది," అంది. మనస్ఫూర్తిగానే అంది.

అందరూ గ్లాసులు ఎత్తారు. ఒకాయన దగ్గాడు. ఇంకొకాయన గ్లాసులోకి ఈగ పడిందేమో అన్నట్టు చూశాడు. ఎగోన్ గ్లాసు నెమ్మదిగా బల్ల మీద పెట్టి ముందుకు తోసేశాడు.

"మాడిపోయిన వాసన," అన్నాడు. "సిగరెట్ పీకలు నానబెట్టినట్టుంది."

వెనకనుంచి ఎవరో అన్నారు. "ఇర్మెలా బాగుందంటోందిగా. ప్రేమలో పడితే ముక్కు కూడా మూసుకుపోతుంది కాబోలు."

షెడ్డు ఘొల్లుమంది. ఓస్నీర్ నవ్వలేదు. గ్లాసు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఆమె వైపు తిరిగాడు.

"నీకు తెలుసా?" అన్నాడు మెల్లిగా. "మాడిందని నీకు తెలిసే బాగుందన్నావా?"

అవునంటే ఆమె ముక్కు నిలుస్తుంది. ప్రేమ కొద్దీ అబద్ధమాడిందని నాలుగు రోజులు ఆటపట్టించి ఊరుకుంటారు. కాదంటే దుకాణం పేరు, సంఘంలో మాట, ఇన్నేళ్లు పెంచుకున్నదంతా ఈ షెడ్డులోనే పోతుంది. ఇర్మెలా గ్లాసులోని నురగ వైపు చూసింది. ఆ మౌనాన్ని అతను తనకి తోచినట్టు అర్థం చేసుకున్నాడు.

"నా మీద జాలి పడమని అడగలేదు నేను," అని గ్లాసు దించి వానలోకి వెళ్లిపోయాడు.

*

శనివారం దాకా ఆగి, ఆగలేక ఆమే వాళ్లింటికి వెళ్లింది. జిల్డా తలుపు తీసి, ఏమీ అనకుండా వెనక వరండా వైపు చెయ్యి చూపించింది. ఓస్నీర్ డేగిషా విప్పుతున్నాడు. వైరు చుట్ట చుట్టి పక్కన పెట్టేశాడు.

"నాకు వాసన తెలియదు," అంది ఇర్మెలా. ముందేమీ కలపకుండా, కూర్చోకుండా అంది. "జ్వరం వచ్చినప్పుడు పోయింది. ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నీ బీరు మాడిందని నిజంగా నాకు తెలియలేదు."

అతను స్క్రూ తిప్పడం ఆపాడు.

"కరెంటు పోయి వచ్చింది చూడు. పంపు ఆగినప్పుడు పిండి అంతా అడుక్కి దిగింది. నేను చూసుకోకుండా స్విచ్ ఎత్తాను. హీటరు మీద అది మాడింది. గుప్పున పొగ వాసన. నేను బెదిరి నీ వైపు చూశాను. నువ్వు నవ్వావు. ఇంత తెలిసిన మనిషి నవ్వుతోందంటే ఇదే పద్ధతేమో అనుకున్నాను. అడుగున నల్లగా అట్టకట్టింది కూడా గీకి పారేశాను, నీకు చెప్పలేదు."

"నీ ముక్కు మీద ముడత చూశాను నేను. అడుగుదామనుకున్నాను. అడిగితే తెలిసిపోతుందని ఊరుకున్నాను."

"ముడత చూశావా?" అతను తల ఎత్తాడు. ఒక్కొక్కటే గుర్తుకొస్తున్నట్టు అతని ముఖం మారుతూ వచ్చింది. "అయితే నువ్వు నన్ను అలా చూసింది... ఆవిరి పీల్చినప్పుడల్లా. కేకు తిన్నప్పుడు. అదంతా నా ముక్కు కోసమా?"

"మొదట్లో అవును."

"మొదట్లో అంటే? ఎప్పటిదాకా?"

ఎప్పటిదాకానో ఆమెకే తెలియదు. తెలియని దానికి బదులు చెప్పి ఇంకో అబద్ధం ఆడదలుచుకోలేదు.

"నేను మా అమ్మతో కూడా చెప్పుకున్నాను, ఒకమ్మాయి నన్ను ఇలా చూస్తోందమ్మా అని," అన్నాడు ఓస్నీర్. "మీరు వెళ్లండి, ఇర్మెలా గారూ. బీరు సంగతి నేను ఇంకేదైనా చూసుకుంటాను."

ఆ 'మీరు' ఆమెకి చెంప మీద కొట్టినట్టు తగిలింది.

*

తర్వాతి గురువారం షెడ్డులో ఓస్నీర్ లేడు. ఇర్మెలా అందరి కంటే ముందు లేచి నిలబడి మాట్లాడింది.

"నాకు వాసన తెలియదు. రెండేళ్లు దాటింది. ఈ రెండేళ్లలో మీ బీరు గురించి నేను చెప్పిందంతా మీ ముఖాలు చూసి చెప్పిందే. ఆ అబ్బాయికి పద్ధతి నేర్పింది నేను. బీరు మాడుతున్నప్పుడు పక్కనే ఉండి కనిపెట్టలేకపోయింది నేను. అతన్ని చూసి నవ్వకండి. నవ్వాలంటే నన్ను చూసి నవ్వండి."

ఎవరూ నవ్వలేదు. ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు మాత్రం అయింది. ఎగోన్ తన చేతుల వైపు చూసుకున్నాడు.

"నిరుడు నా నల్ల బీరుని ఊళ్లోకెల్లా మంచిదన్నావు," అన్నాడు.

"మీ ముఖం అలా వెలిగిపోయింది మావయ్యా. మీ ముఖం చూసే అన్నాను."

"నాకు ముందే చెప్పి ఉండాల్సింది అమ్మాయ్. ఇంకెవరికి చెప్పకపోయినా."

"చెప్పాల్సింది."

ఆయన కోపంగా ఉన్నాడో బాధగా ఉన్నాడో తెలియలేదు. ఆ మాట తర్వాత మరొకటి అన్నాడు. అది కోపంతో అన్నదే.

"సరే, ముక్కు లేదు. కళ్లున్నాయిగా నీకు. ఆ అబ్బాయి తన గ్లాసు నోటి దగ్గర పెట్టుకోగానే మూతి వంకర తిప్పుకున్నాడు. అటు మూల కూర్చున్న నాకు కనిపించింది. పక్కనే ఉండి, కళ్లు అప్పగించి చూస్తూ, నీకు కనిపించలేదా?"

ఇర్మెలా ఆ సాయంత్రాన్ని మళ్లీ తలుచుకుంది. తడిసిన జుట్టు గుర్తుంది, కత్తి గాటు గుర్తుంది. కళ్ల కింద నిద్ర లేని నలుపు గుర్తుంది. మూతి వంకర గుర్తులేదు. ఎంత వెతికినా లేదు.

"కనిపించలేదు మావయ్యా," అంది. అంటూనే సంచీ అందుకుంది.

వాన జోరుగా ఉంది. నది వైపు వీధిలో నీళ్లు చీలమండల దాకా వచ్చాయి. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచింది. ఓస్నీర్ తలుపు తీసేసరికి ఆమె బట్టల్లోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

"ఎప్పటిదాకా అని అడిగావు," అంది గుమ్మంలోంచే. "ఇప్పుడు చెప్పగలను. ఆ గురువారం నువ్వు గ్లాసు ఎత్తగానే మూతి తిప్పుకున్నావట. అటు మూల కూర్చున్న ఎగోన్ మావయ్య చూశాడు. నేను నీ పక్కనే ఉండి నిన్నే చూస్తున్నాను, అయినా చూడలేదు. నీ ముక్కు కోసమే అయితే మొట్టమొదట పట్టేసేదాన్ని, రెండేళ్లుగా నా పనే అది. ఆ రోజు నేను వాసన వెతకలేదు, ఓస్నీర్. నిన్ను చూస్తున్నాను. అందుకే తప్పు చెప్పాను."

అతను గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. లోపలి నుంచి జిల్డా తువ్వాలు పట్టుకుని వచ్చి, కొడుకుని పక్కకి నెట్టి, ఆ పిల్ల తల మీద వేసి గట్టిగా తుడవడం మొదలెట్టింది.

"మాట్లాడరా," అంది తుడుస్తూనే. "వానలో నడిచి వచ్చి చెప్పింది. నువ్వు కదలకుండా నిలబడి కూడా చెప్పలేవా?"

"పెళ్లికి రెండు వారాలే ఉంది," అన్నాడు ఓస్నీర్. "అంతలో అయ్యే బీరు ఏదైనా ఉందా?"

"గోధుమ బీరు. తొందరగా తయారవుతుంది."

"వాసన నేను చూస్తాను. మిగతాదంతా నువ్వు చూడు. ఈసారి నేను ముక్కు ముడిస్తే ఏమైందని అడుగు. చాలు."

"అడుగుతాను," అంది ఇర్మెలా. తువ్వాలు కింద ఆమె ఏడుస్తోందని జిల్డాకి మాత్రమే తెలుసు.

*

పెళ్లి ముందురోజు సాయంత్రం వాన వెలిసింది. మగపెళ్లివారు పాత పళ్లేలు, మూతలు పోయిన గిన్నెలు బుట్టల్లో తెచ్చి గుమ్మం ముందు విసిరి పగలగొట్టారు. పెళ్లికూతురు రోజానీ, పెళ్లికొడుకు చెరో చీపురు పట్టుకుని ఆ ముక్కలు ఊడుస్తుంటే, ఊడ్చిన చోటే మళ్లీ విసిరి అందరూ కేకలు వేశారు. సంఘం వాళ్లు కూడా వచ్చారు. ఎగోన్ వచ్చాడు. ఇర్మెలాతో మాట్లాడలేదు గానీ తన కుర్చీ ఆమె కుర్చీ పక్కనే వేసుకున్నాడు. దుకాణానికి కొందరు రావడం మానేశారు. మరి కొందరు వచ్చి, బస్తా మూతి తెరిచి, తామే వాసన చూసి ఆమెకి చెబుతున్నారు.

ఓస్నీర్ పీపా తెరిచి మొదటి గ్లాసు పెళ్లికొడుకు నాయనమ్మకి ఇచ్చాడు. ముసలావిడ ఒక గుక్క తాగి ఇర్మెలా వైపు తిరిగింది.

"నువ్వేనా నేర్పింది? ఈ బీరు ఎలా ఉందో నువ్వు చెప్పు."

ఇర్మెలా గ్లాసు అందుకుని తాగింది.

"నాలుక మీద కొంచెం పల్చగా ఉందండీ. పులుపు తక్కువ, నురగ బాగా నిలిచింది. అంతవరకే నాకు తెలిసేది. నాకు వాసన తెలియదు."

ముసలావిడ ఆమెని కింది నుంచి పైదాకా చూసింది. తర్వాత జిల్డాని అడిగింది, ఈ పిల్ల మీకు ఏమవుతుందని. జిల్డా ఒక్క క్షణం కొడుకు వైపు చూసి, "మా ఇంటికి రావాల్సిన పిల్ల," అంది. "ఇంకా అడగలేదు వీడు."

నవ్వులు లేచాయి. ఓస్నీర్ చెవులు ఎర్రబడ్డాయి. పీపా దగ్గర్నుంచి వచ్చి ఇర్మెలా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. ఎవరో ఇంకో పళ్లెం పగలగొట్టారు. ఆమె తన గ్లాసు అతని చేతికిచ్చింది.

"ఏం వాసన వస్తోంది?" అని అడిగింది, అందరికీ వినబడేటట్టే.

అతను గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"అరటిపండు. లవంగం. అడుగున ఎక్కడో పచ్చి రొట్టె పిండి."

"ఇంకా?"

"వాన వెలిసిన మట్టి. మా అమ్మ నూనెలో వేస్తున్న సాసేజ్. ఎగోన్ గారి చుట్ట." కళ్లు తెరిచి ఆమె వైపు వంగాడు. "నీ జుట్టుకి సబ్బు. నిమ్మ సబ్బు. ఇందాకే తల స్నానం చేసినట్టున్నావు."

రెండేళ్లుగా ఎవరినీ అడగని మాట అది. ఎన్నాళ్ల నుంచో ఆకలితో ఉన్న మనిషిలా ఇర్మెలా అతని చెయ్యి పట్టుకుంది.

"ఇంకా?" అంది.